పూలదండ వేసేముందు చక్రాలు చూడండి



ఈసారి కూడా పొడుగ్గానే రాస్తున్నాం. రెండు లైన్లు చదివి కింద బొటనవేలు గుర్తు పెట్టి వెళ్లిపోవడం మన గ్రూపులో ఆనవాయితీ. ఈ ఒక్కసారి అట్ల చేయకండి. ఆరు ఇళ్లలో మనుషుల నడుము, కాళ్ల సంగతి ఇది.

విషయం అందరికీ తెలిసిందే. నడవలేని మన సభ్యులు ఆరుగురికి ఉగాది నాడు బళ్లు ఇవ్వాలని కమిటీ అనుకుంది. బెంగళూరులో స్థిరపడిన దాత ఒకరు సగం ఖర్చు పెట్టుకుంటామన్నారు. మంచి మనసు, చేతులెత్తి మొక్కుతాం. కానీ ఏ బండి ఇవ్వాలన్న మాట వచ్చేసరికి అయిదు నిమిషాల్లో తేల్చేశారు. మామూలు స్కూటర్లు కొనడం, వెనక రెండు పక్కలా చిన్న చక్రాలు బిగించడం, తాళాలు చేతిలో పెట్టడం. ఆరూ ఒకే రంగు, ఆరూ ఒకే కొలత. షామియానా, మైకు, ఫొటో. అభ్యంతరం చెప్పింది మేము, మాతోపాటు ఇంకో ఇద్దరు. "పెద్దాయనా, మీరు రైల్వేలో గుమాస్తా కదా, ఇంజినీరు కాదు కదా" అని ఒక తమ్ముడు నవ్వుతూ అన్నాడు. నిజమే నాయనా, ఇంజినీర్లం కాదు. పార్సెల్ ఆఫీసులో కూర్చుని ఏళ్ల తరబడి బరువులు రాసినవాళ్లం. ఏ మూట ఎక్కడ పెడితే ఏ తోపుడుబండి ఎటు ఒరుగుతుందో ప్లాట్‌ఫారం మీద పోర్టర్ల దగ్గర చూసి నేర్చుకున్నవాళ్లం. ఈ గొడవకి ఆ చదువు చాలు.

(మా చదువంతా తమిళ మీడియం. తెలుగు రాత ఉద్యోగంలో చేరాక సొంతంగా దిద్దుకున్నది. అక్షరదోషాలుంటే వాటిని పట్టుకుని అసలు మాట వదిలేయకండి.)

ముందు ఆ పక్క చక్రాల స్కూటరు సంగతి తేల్చుకుందాం.

స్కూటరుని నడిపేది వెనక మధ్య చక్రం ఒక్కటే. ఇంజను బలం దానికే, వెనక బ్రేకూ దానికే. పక్కన బిగించిన రెండు చక్రాలు ఊరికే దొర్లుతాయి. అవి పడిపోకుండా పట్టుకుంటాయి తప్ప లాగవు, ఆపవు. నున్నటి తారు రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదు. వెనక మూడు చక్రాలూ నేలని తాకుతుంటాయి, బండి బాగానే పోతుంది. షోరూం ముందు తిప్పి చూపించినప్పుడు అందరికీ నచ్చింది అందుకే.

ఇప్పుడు ఆ బండిని అరసికెరెకి తీసుకురండి. మన సందుల్లో మధ్యలో కాలువలా గుంట పడి, రెండు పక్కలా గట్టిన నేల ఉంటుంది. మధ్య చక్రం ఆ గుంటలోకి దిగాలని చూస్తుంది, పక్క చక్రాలు గట్ల మీద నిలబడి దాన్ని దిగనివ్వవు. మంచం కోళ్ల మీద నిలబడితే నవారు గాలిలో ఉన్న మాదిరి, నడిపే చక్రం గాలిలో వేలాడుతుంది. యాక్సిలరేటరు తిప్పితే చక్రం గిర్రున తిరుగుతుంది, బండి అంగుళం కదలదు. కాళ్లున్నవాడు దిగి నెడతాడు. మన సభ్యుడు ఏం చేయాలి? దారిన పోయేవాళ్లు వచ్చేదాకా ఎండలో కూర్చోవాలి.

అది సగం కథ. మిగతా సగం కెరె కట్ట దిగేటప్పుడు తెలుస్తుంది. ఆ వాలులో మధ్య చక్రం లేచిందంటే వెనక బ్రేకు ఎంత నొక్కినా దండగ, నేలని తాకని చక్రాన్ని ఆపితే బండి ఎట్ల ఆగుతుంది? మిగిలేది ముందు బ్రేకు ఒక్కటే. గేర్లు లేని స్కూటరు కాబట్టి గేరులో వేసి నిలబెట్టే వీలు కూడా లేదు. కాలు కింద పెట్టి ఆపుకుందామంటే ఆ కాలే లేదు కదా ఆయనకి.

ఇంకొకటుంది. స్కూటరు ఫ్రేము, ముందు ఫోర్కు చేసింది మలుపులో ఒరగడానికి. రెండు చక్రాల బండి మలుపులో లోపలికి వాలుతుంది, బరువు నిలువుగా టైరులోకి దిగుతుంది. పక్క చక్రాలు బిగించాక అది వాలదు. మలుపులో బరువంతా బయటి పక్కకి తోస్తుంది. ఆ పక్కతోపుడు తట్టుకునే పని ఆ ఫ్రేముకి ఎవరూ అప్పజెప్పలేదు. కొన్నాళ్లకి బిగింపు దగ్గర పగులు వస్తుంది. పక్క చక్రాలకి వేరే స్ప్రింగులు, షాక్‌లు పెట్టి, బరువు మధ్య చక్రం మీదే ఎక్కువ నిలిచేలా బిగించే మంచి మేస్త్రీలు ఉన్నారు. అట్ల చేసినవి మేలు. కానీ కమిటీ తెచ్చిన కొటేషన్‌లో స్ప్రింగు అన్న మాట ఎక్కడా లేదు. ఇనప పట్టీ, నాలుగు బోల్టులు, రెండు చిన్న చక్రాలు, అంతే. మేము రెండుసార్లు చదివాం.

సర్కారు కూడా ఇట్లాంటివే ఇస్తోంది కదా అని ఒకరు అన్నారు. ఇస్తోంది. సర్కారు రాష్ట్రమంతటికీ కలిపి ఒక టెండరు పిలవాలి, మనం ఆరుగురికి ఇస్తున్నాం. ఆరుగురి ఇళ్లూ తెలుసు, వాళ్ల ఇంటి ముందు మెట్లు ఎన్నో కూడా తెలుసు. తెలిసి కూడా టెండరు మాదిరి కొనడం ఏం న్యాయం?

మరి ఏ బండి? ఇక్కడ మూడు చక్రాల లెక్క కొంచెం చెప్పుకోవాలి.

మూడు చక్రాలు నేలని తాకే మూడు చోట్లనీ గీతలతో కలిపితే ఒక త్రికోణం వస్తుంది. మనిషి, బండి, బ్యాటరీ, సంచి, అన్నిటి బరువూ కలిసి ఒక చోట నిలుస్తుంది. ఆ చోటు త్రికోణం మధ్యలో, వెడల్పు పక్కకి దగ్గరగా ఉన్నంతసేపు బండి నిలబడుతుంది. మొన పక్కకి జరిగేకొద్దీ పడిపోవడానికి దగ్గరవుతుంది. మన ఎద్దులబండి తోలినవాళ్లకి ఇది కొత్త కాదు. బరువు వెనక్కి ఎక్కువైతే కాడి లేస్తుంది, ముందుకు ఎక్కువైతే ఎద్దుల మెడ విరుగుతుంది. బండి ఒక్కటే, మూట పెట్టిన చోటు వేరు.

ఒక లెక్క వేసి చూపిస్తాం. అంకెలు ఉదాహరణకి మాత్రమే. వెనక రెండు చక్రాల మధ్య 120 సెంటీమీటర్లు, అంటే మధ్య గీత నుంచి ఒక్కో పక్క 60. ముందు చక్రానికీ వెనక ఇరుసుకీ మధ్య 2 మీటర్లు. బరువు నిలిచే చోటు నేల నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకోండి. ఆ చోటు ముందు చక్రం నుంచి మీటరున్నర వెనక ఉంటే, అక్కడ త్రికోణం సగం వెడల్పు 60లో ముప్పాతిక భాగం, అంటే 45. అదే బరువు నడిమధ్యకి, మీటరు దగ్గరికి జరిగితే సగం వెడల్పు 30 మాత్రమే. పది మీటర్ల మలుపులో మొదటి బండి గంటకి సుమారు 31 కిలోమీటర్ల దాకా లోపలి చక్రం లేవకుండా పోగలదు. రెండోది 25 దగ్గరే లేస్తుంది. ఇప్పుడు ఆ రెండో బండికే సీటు ఎత్తు చేసి, పైన టాపు వేసి, బరువు నిలిచే ఎత్తుని 90కి పెంచండి. 20 దాటగానే చక్రం లేస్తుంది. బండి వెడల్పు ముప్పై ఒకటికీ ఒకటే, ఇరవైకీ ఒకటే. మారింది సీటు ఎక్కడ పెట్టారన్నదే.

అందుకే "బ్యాటరీ రిక్షా ఇద్దాం, చట్టం ప్రకారం 25 కన్నా ఎక్కువ పోదు, భయం లేదు" అన్నవాళ్లకి మా జవాబు ఇదే. 2014లో ఢిల్లీ హైకోర్టు ఈ-రిక్షాలని ఆపేసింది, 2015లో మోటారు వాహనాల చట్టం సవరించి మూడు చక్రాలు, 4,000 వాట్లకి మించని మోటారు అని నిర్వచనం రాసి మళ్లీ రోడ్డెక్కించారు. గంటకి 25 అన్న హద్దు పెట్టారు. మంచిదే. కానీ ఇరుకు ఇరుసు, ఎత్తు టాపు ఉన్న బండికి 25 ఏమీ మెల్లన కాదని పైన లెక్కే చెబుతోంది.

మూడు చక్రాల మీద లోకం పడిన పాట్లు చాలా పాతవి. మొట్టమొదట తనంత తాను కదిలిన పెద్ద బండి, ఫ్రాన్సులో కున్యో అనే సైనిక ఇంజినీరు 1769 ప్రాంతంలో ఫిరంగులు లాగడానికి చేసిన ఆవిరి బండి, మూడు చక్రాలదే. బాయిలరుని ఒంటి ముందు చక్రం మీదికి వేలాడదీశాడు, ఆ చక్రమే నడపాలి, అదే తిరగాలి. అంత బరువు మోస్తున్న చక్రాన్ని తిప్పడం మనిషి వల్ల అయ్యే పనేనా? 1886లో జర్మనీలో కార్ల్ బెంజ్ పేటెంటు తీసుకున్న మోటారు బండికీ మూడే చక్రాలు. ముందు రెండు చక్రాలని ఒకేసారి సరిగ్గా తిప్పే పద్ధతి ఆయనకి అప్పటికి నచ్చలేదు, అందుకని ముందు ఒకటే పెట్టాడు. ఇంజను వెనక పెట్టి, డిఫరెన్షియల్ ద్వారా గొలుసులతో వెనక రెండు చక్రాలనీ నడిపాడు. 1888లో ఆయన భార్య బెర్తా ఇద్దరు కొడుకులని ఎక్కించుకుని మొగుడికి చెప్పకుండా మాన్‌హైం నుంచి ఫోర్జ్‌హైం దాకా వంద కిలోమీటర్లకి పైగా తోలుకెళ్లింది. ఎత్తుల దగ్గర దిగి నెట్టాల్సి వచ్చింది, దారిలో చెప్పులు కుట్టేవాడి చేత బ్రేకుకి తోలు వేయించింది. తిరిగొచ్చి ఇంకో గేరు కావాలని చెప్పింది. బండి లోపం కొనే మనిషి తోలినప్పుడే బయటపడుతుందని ఆ తల్లి నూట ముప్పై ఏళ్ల కిందటే చూపించింది. మన కమిటీలో బండి ఎక్కబోయే ఆరుగురిలో ఒక్కరిని కూడా ఇంతవరకు పిలవలేదు.

మన దేశంలో కూడా అంతే. ముందు చక్రం మీదే ఇంజను పెట్టి, గొలుసుతో ఆ చక్రాన్నే నడిపే టెంపో హాన్సియట్ బళ్లు మాలాంటి వయసువాళ్లు చూసే ఉంటారు. ఆ పేరే తర్వాత సామాన్ల బండి అన్నదానికల్లా "టెంపో" అయిపోయింది. వెనక బరువు దండిగా వేసి ఎత్తు ఎక్కిస్తే ముందు చక్రం తేలికైపోతుంది, లాగాల్సిన చక్రానికే నేల మీద పట్టు ఉండదు. ఆటోలు మొదట డ్రైవరు సీటు కింద ఇంజనుతో వచ్చాయి, తర్వాత ఇంజను వెనక్కి, రెండు చక్రాల మధ్యకి వెళ్లింది. జనం కూర్చునేది అక్కడ, నడిపే చక్రాలూ అవే, ఇంజనూ అక్కడే. బరువంతా త్రికోణం వెడల్పు పక్కన. ఆటో మలుపులో తిరగబడదని మేము అనడం లేదు. జోరుగా పోతూ మలుపులో బ్రేకు తొక్కితే బరువు ముందుకి, మొన పక్కకి దూకుతుంది, అప్పుడు పడుతుంది. కానీ ఇన్నేళ్లుగా ఈ దేశం జనాన్ని మోస్తున్న అమరిక అది. ఊరికే నిలబడలేదు.

ఇక మన కుర్రవాళ్ల సంగతి. ఇంజినీరింగు చదువుతున్న ఇద్దరు తమ్ముళ్లు గ్రూపులో వీడియోలు పెట్టారు. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. ఇదే శాస్త్రీయం, ఆటో అమరిక పాతకాలపుది అని. వాళ్లు చెప్పిన దాంట్లో నిజం ఉంది, కాదనం. ఇంగ్లండులో మోర్గాన్ కంపెనీ 1910 నాటికే అట్ల చేసింది. కాన్-యామ్ స్పైడరు, పియాజియో ఎంపీ3 కూడా ఆ కోవవే. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకి దూకితే అక్కడ రెండు భుజాలు పట్టుకుంటాయి. జోరుగా, ఒంటరిగా, తారు రోడ్డు మీద పోయేవాడికి అది మంచి బండి.

కానీ మన సభ్యుడు ఒంటరిగా పోడు తమ్ముడూ! వెనక భార్య కూర్చుంటుంది. లేకపోతే రేషన్ బియ్యం మూట, శనక్కాయల సంచి, నీళ్ల క్యాను. ముందు రెండు చక్రాల బండిలో ఆ బరువు ఎక్కడికి పోతుంది? ఒంటి చక్రం పక్కకి, త్రికోణం మొన పక్కకి. మూట పెరిగేకొద్దీ బండి పడే గుణం పెరుగుతుంది. పోనీ బరువు ముందే ఉంచుదామంటే నడిపే వెనక చక్రానికి పట్టు తగ్గుతుంది, ఇసుకలో తిరుగుతూ కూర్చుంటుంది. నిలకడ కావాలంటే బరువు ముందు ఉండాలి, పట్టు కావాలంటే వెనక ఉండాలి. రెండూ ఒకేసారి దొరకవు. ఒంటి ముందు చక్రం, వెనక రెండూ నడిచే చక్రాలు ఉన్న బండిలో ఆ పేచీ లేదు. మూట వెనక ఇరుసు దగ్గర పెడితే నిలకడా అక్కడే, పట్టూ అక్కడే. పైగా చక్రాల కుర్చీ నుంచి పక్కగా జరిగి ఎక్కాలంటే ముందు పక్క ఖాళీగా ఉండాలి. ముందు రెండు చక్రాలు, వాటి స్టీరింగు రాడ్లు ఉన్నచోట ఎక్కడ జరుగుతాడు?

ఒక మాట ఒప్పుకోవాలి. ముందు ఒకటైనా రెండైనా, మూడు చక్రాల బండికి మూడు జాడలు. ట్రాక్టరు రెండు గాళ్లు చేసి పోతే, మధ్య చక్రం ఆ గాళ్ల నడుమ రాళ్ల దిబ్బ మీద పోవాల్సిందే. మన పొలం దారుల్లో ఈ బాధ ఏ మూడు చక్రాల బండికీ తప్పదు. ముందు చక్రం పెద్దది ఉంటే కొంత నయం. చిన్న చక్రం గుంటలో కూరుకుంటుంది, పెద్దది దాటుతుంది. కొటేషన్‌లో చక్రం వ్యాసం కూడా అడగండి.

ఇప్పుడు నడిపే పద్ధతి. ఇక్కడే అందరూ తికమక పడేది.

రైలు చక్రాలు చూసినవాళ్లు ఒక ప్రశ్న వేస్తారు. రెండు చక్రాలూ ఒకే ఇరుసుకి బిగించి ఉంటాయి, డిఫరెన్షియల్ లేదు, అయినా రైలు మలుపు తిరుగుతుంది కదా, బండికి మాత్రం ఎందుకు? రైలు చక్రం అంచు కొంచెం వాలుగా, గరాటు మాదిరి కోసి ఉంటుంది. మలుపులో చక్రాల జత బయటికి జరిగితే బయటి చక్రం పెద్ద చుట్టు మీద, లోపలిది చిన్న చుట్టు మీద నడుస్తుంది. ఒకే ఇరుసు, రెండు దూరాలు. ఆ ఏర్పాటు పట్టాల మీద చెల్లుతుంది, మట్టి రోడ్డు మీద చెల్లదు. రబ్బరు టైర్లు రెంటినీ ఒకే ఇరుసుకి గట్టిగా బిగిస్తే మలుపులో ఒకటి ఈడ్చుకుంటూ పోవాల్సిందే. బండి తిరగనంటుంది, తిప్పితే ఒరుగుతుంది. అమెరికాలో అట్ల చేసిన మూడు చక్రాల ఏటీవీ బళ్లు పిల్లల్ని చాలామందిని పడేశాయి. 1988లో ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని కంపెనీలు అక్కడ మూడు చక్రాల వాటి అమ్మకమే మానేశాయి.

ఆ ఈడ్పు లేకుండా చేయాలంటే ఒక చక్రాన్నే నడపడం సులువు. చాలా సైకిల్ రిక్షాల్లో, చేతితో తిప్పే మూడు చక్రాల బళ్లలో అదే పద్ధతి. వెనక ఒక చక్రానికే బలం, రెండోది ఊరికే దొర్లుతుంది. చవక. కానీ బండి ఎప్పుడూ ఒక పక్కకి లాగుతుంది, ఆ ఒక్క చక్రం ఇసుకలో దిగితే అయిపోయింది. 1981 నుంచి కేంద్రం నడిపే ఎడిఐపి పథకం కింద, కాన్పూరు అలింకో లాంటి చోట్ల తయారై వచ్చిన చేతి బళ్లు మన ఊళ్లలో చింతచెట్ల కింద తుప్పు పట్టి ఎన్ని ఉన్నాయో చూడండి. ఇచ్చినవాళ్లకి మనసు లేక కాదు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు బిగుసుకున్న మనిషి, భుజం కూడా పైకి లేవని మనిషి, పావగడ తాలూకా ఇసుక నేలలో ఒంటి చక్రాన్ని చేత్తో ఎంత దూరం తిప్పగలడు?

మేము చెప్పేది డిఫరెన్షియల్ ఉన్న వెనక ఇరుసు, దాని మీద ఒక మోటారు. రెండు చక్రాలూ నడుస్తాయి, మలుపులో బయటిది ఎక్కువ తిరుగుతుంది, లోపలిది తక్కువ. దీనికీ లోపం ఉంది, దాచం. ఒక చక్రం బురదలో ఊరికే తిరిగితే రెండోది నిలబడి చూస్తుంది. ఆటో డ్రైవర్లని అడగండి, తిట్టుకుంటూ చెబుతారు. కానీ తిరిగే చక్రం కింద ఒక గోనెసంచి వేస్తే బయటపడుతుంది. వేలాడే పక్క చక్రాల స్కూటరుకి గోనెసంచి కూడా పనికిరాదు, నేలే అందడం లేదు కాబట్టి.

రెండు వెనక చక్రాల్లోనూ చెరొక హబ్ మోటారు పెట్టేవి కూడా వస్తున్నాయి. ఇరుసు ఉండదు, మధ్య ఖాళీ, చక్రాల కుర్చీతో సహా వెనక నుంచి ఎక్కేయవచ్చు. మంచిది. రెండు మోటార్లు, రెండు కంట్రోలర్లు, పావగడలో బాగుచేసేవాడు దొరకాలి. ఇప్పుడు దొరుకుతాడా అని ఆలోచించండి.

ఐఐటీ మద్రాసులో పుట్టిన నియోమోషన్ అనే సంస్థ చక్రాల కుర్చీ ముందు తగిలించే మోటారు చక్రం చేస్తోంది, నియోబోల్ట్ అంటారు. కుర్చీనే మూడు చక్రాల బండి అయిపోతుంది, ఊరు చేరాక ముందు చక్రం విప్పేసి ఆఫీసు లోపలికి కుర్చీతోనే వెళ్లొచ్చు. మా మద్రాసు పక్క బుర్ర అని మాకు కొంచెం గర్వం కూడా. మన ఆరుగురిలో పావగడలో కాలేజీకి పోయే అమ్మాయికి అట్లాంటిదే సరి అని మా మాట, ఆమె దారంతా తారు. కానీ నడిపేది ముందు చక్రం, మనిషి బరువు ఎక్కువగా వెనక చక్రాల మీద. ఇసుక ఎత్తులో ముందు చక్రం జారే వీలుంది. పొలానికి పోయే అన్నకి అది ఇవ్వకూడదు. చూశారా, ఇద్దరు మనుషులు, రెండు బళ్లు. ఆరు ఒకే రంగు బళ్ల వరస ఫొటోలో బాగుంటుంది, దారిలో బాగుండదు.

కరెంటు బండే కావాలని మేము పట్టుబట్టడానికి ఇంకో కారణం ఉంది. వెనక్కి పోవడం. పెట్రోలు స్కూటరుకి రివర్సు లేదు. కాళ్లున్నవాడు రెండు అడుగులు వెనక్కి నెట్టుకుంటాడు. కాళ్లు లేనివాడు సందు చివర గోడ ముందు ఇరుక్కుని "బాబూ, కొంచెం వెనక్కి లాగు" అని ఎవరినో అడగాలి. ఎవరినీ అడగకుండా బతకడానికే కదా మనం బండి ఇస్తున్నది! కరెంటు మోటారుకి రివర్సు అంటే ఒక స్విచ్చి. అదనపు గేరుపెట్టె అక్కర్లేదు. బ్యాటరీలు సీటు కింద, నేలకి దగ్గరగా పెడితే బరువు నిలిచే ఎత్తు కూడా దిగుతుంది, పైన వేసిన లెక్క మనకి అనుకూలంగా తిరుగుతుంది.

చార్జింగు ఎక్కడ అని ఒక అక్క అడిగింది. అక్కా, ఈ తాలూకాలోనే తిరుమణి పక్క 13,000 ఎకరాల్లో అద్దాలు పరిచి 2,050 మెగావాట్లు తీస్తున్నారు. ఆ వెలుతురు తీగల మీద ఎక్కడికో పోతోంది. ఆరు బళ్లకి రాత్రి ఒక ప్లగ్గు మన ఇళ్లలో దొరకదా?  అరసికెరె అంటే బయటివాళ్లు హాసన్ జిల్లా జంక్షన్ అనుకుని "మీకేం సార్, స్టేషన్ ఊరు" అంటారు. ఆ అరసికెరె వేరు, మన అరసికెరె వేరు. ఇక్కడ బస్సు, ఆటో, సొంత బండి, అంతే. అందుకే ఈ బండి మీద ఇంత రాస్తున్నాం.

డబ్బు సరిపోదు, మేము చెప్పిన రకం ఖరీదు ఎక్కువ అని కోశాధికారి గారు అంటారు. అయితే ఈ ఉగాదికి మూడు ఇవ్వండి, వచ్చే ఉగాదికి మూడు. ఆరుగురికీ ఒకేసారి ఇవ్వకపోతే గొడవలొస్తాయంటారా? ఎవరికి ముందు కావాలో ఆ ఆరుగురినే కూర్చోబెట్టి అడగండి. మనకన్నా మర్యాదగా తేల్చుకుంటారు, వాళ్లకి ఒకరి కష్టం ఒకరికి తెలుసు.

దాత గారికి ఫొటో ముఖ్యమని, అందుకే ఆరూ ఒకేసారి అని కార్యదర్శి తమ్ముడు చెప్పాడు. మేము దాత గారితో నేరుగా మాట్లాడలేదు. మాట్లాడితే ఆయన ఒప్పుకుంటారనే మా నమ్మకం. ఫొటో కావాలన్నది ఆయన మాటా, మన మాటా అన్నది ముందు తేలాలి. మన సంఘంలో దాతల పేరు చెప్పి మనకి కావాల్సింది చేసుకోవడం ఇది మొదటిసారి కాదు.

కొనేముందు కమిటీ ఈ పని చేయాలి. అమ్మేవాడు బండిని షోరూం ముందు కాదు, మన ఊరికి తేవాలి. ఎక్కబోయే మనిషే ఎక్కాలి. ఆయన బరువు, వెనక ఒక ఇరవై అయిదు కిలోల బస్తా. కట్ట ఎక్కాలి, మధ్యలో ఆగాలి, చేతి బ్రేకు వేసి రెండు చేతులూ వదిలి ఒక నిమిషం కూర్చోవాలి, మళ్లీ బయల్దేరాలి. కట్ట దిగుతూ ఆపి చూపించాలి. గుంట సందులో ఒక చక్రం దించి బయటికి రావాలి. వెనక్కి పోవాలి. మూడు చక్రాలకీ బ్రేకు ఉందో లేదో జాకీ ఎత్తి చూడాలి. రిజిస్ట్రేషన్ పుస్తకంలో ఆ అమరిక రాయించి ఇస్తాడా లేదా అని కాగితం మీద తీసుకోవాలి, లేకపోతే రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్సువాడు చేతులెత్తేస్తాడు. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తాం, ఇంత ఖర్చు పెట్టి బండిని పట్టి చూడకూడదా?

వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకి ఇద్దరు అమ్మకందార్లు బళ్లు తెస్తామన్నారు, మేమే మాట్లాడాం. ఒకరు డిఫరెన్షియల్ ఉన్న కరెంటు బండి, ఇంకొకరు స్ప్రింగులతో బిగించిన పక్క చక్రాల స్కూటరు. రెండూ చూద్దాం. ఆరుగురిలో నలుగురు వస్తామన్నారు. మిగతా ఇద్దరిని తీసుకురావడానికి ఎవరి దగ్గరైనా కారుంటే చెప్పండి. కట్ట దగ్గర నీడ లేదు, గొడుగులు తెచ్చుకోండి. బస్తా మేము తెస్తాం.